తాళాలగుత్తిని మోసే గిటారు

గిటారుకు పికప్ కొనబోయే కుర్రవాళ్ళకు ఒక మాట చెప్పి మొదలుపెడతాను. అంగడివాడు "దీంట్లో అయస్కాంతం శానా పవరు సార్" అని గొప్పగా చూపిస్తే, అక్కడికక్కడే చెప్పులు తొడుక్కొని బయటికి రండి. నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను. రేడియోలు, మైకుసెట్లు బాగుచేసి రిటైరైనవాణ్ణి. నేను పాట ఎత్తుకుంటే ఇప్పటికీ మా ఇంట్లోవాళ్ళు కిటికీలు మూస్తారు. అయినా ఈ ఒక్క విషయంలో నా మాట వినొచ్చు. ఎందుకంటే ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. కోడుమూరు వైపు పల్లెలో పనిచేసే ఒక నర్సమ్మ చెప్పింది, అదీ తిడుతూ చెప్పింది.

అప్పట్లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. రాజధాని అంటే మీరేవో మేడలు ఊహించుకోకండి. గుడారాలు, జీపులు, దుమ్ము, ఉపన్యాసాలు. ఉపన్యాసాలున్నచోట మైకుసెట్లకు కరువుండదు కాబట్టి మా అంగడికి మంచి రోజులవి. మా ఓనరును ఊరంతా సేటు అనేవారు. ఆయన దృష్టిలో శబ్దమంటే బస్తాల్లో నింపి తూకం వేయదగిన సరుకు. ఎంత ఎక్కువైతే అంత మంచిది. నాయకుడు ఏం చెప్పాడన్నది ఆయనకు అక్కర్లేదు, తుంగభద్ర అవతలి గట్టుకు వినబడిందా లేదా అన్నదే లెక్క.

మా దిక్కు అప్పుడొక వాడుక ఉండేది. పల్లెల నుంచి మైకుసెట్టు బాడుగకు వచ్చే పెద్దమనుషులు ముందుగా హారన్ స్పీకరు వెనకాల ఉండే అయస్కాంతానికి తమ తాళాలగుత్తిని ఆనించి చూసేవారు. గుత్తి అతుక్కుంటే కూచొని మాట్లాడేవారు. జారిపడితే టీ కూడా తాగకుండా పక్క అంగడికి పోయేవారు. ఎద్దుల సంతలో పళ్ళు చూడటం ఎలాగో ఇదీ అలాగే. సేటు ఈ పరీక్షను ఎంతగా నమ్మాడంటే, అంగడి గుమ్మానికి ఒక పెద్ద అయస్కాంతం వేలాడగట్టి దానికి గొడ్డలి అతికించి పెట్టాడు. వచ్చినవాడు వంగి లోపలికి రావాల్సిందే.

ఆ గొడ్డలి కింద తల వంచి ఒకరోజు ఇద్దరు లోపలికి వచ్చారు. ఒకాయన తెల్ల పంచె, నెరిసిన మీసం, మొలకు తాళాలగుత్తి. తమ పల్లె చర్చికి సంఘపెద్ద. వెనకాల మిషను ఆస్పత్రి నర్సమ్మ, గుడ్డసంచిలో గిటారుతో. ఆ గిటారు అంతకుముందున్న దొరసాని డాక్టరమ్మది. ఆవిడ స్వదేశం పోతూ గిటారును చర్చికి ఇచ్చిపోయింది. వాయించడం మాత్రం నర్సమ్మకే నేర్పి పోయింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం నర్సమ్మ ముందు కూచొని గిటారు మీటితే, ఆమె ఎత్తుకున్న పాట సంఘమంతా పాడేది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, చర్చి లోపల వినబడే గిటారు బయట పందిట్లో వినబడదు. వాళ్ళ కోత పండుగ బయట పందిట్లోనే జరుగుతుంది. చెనిక్కాయ ఇళ్ళకు చేరినాక చుట్టుపక్కల పల్లెల విశ్వాసులంతా తొలిపంటలో కొంత తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన అయినాక వాటిని వేలం వేస్తారు. అంత జనం, దాంతో పాటు డప్పులు. మైకు ఒకటే, అది పాస్టరయ్యగారి ముందు ఉంటుంది. ఆయన దాన్ని ఎవరికీ వదిలే రకం కాదు.

"పాప బాగా వాయిస్తాది, కాదనను," అన్నాడు సంఘపెద్ద. "అయితే ఆ వాయించేది యేసయ్య ఒక్కనికే వినబడతాండాది. ఆయనకు మంచి చెవులుండాయి. మా జనానికి లేవు."

"జనానికి చెవులుండాయి పెదనాయనా, మీ అల్లునికే లేవు," అంది నర్సమ్మ.

ఆ అల్లుడు సంగతి చెప్పాలి. పెద్దాయనకు ఒక్కతే కూతురు. ఇల్లరికపు అల్లుడు. ఆ అల్లుడికొక హార్మోనియం. హార్మోనియం ముందుకు రావాలని ఇంట్లో పోరు. అందుకే పెద్దాయన ఒక షరతు పెట్టాడు.

"ఈ కోత పండక్కి గిటారు పందిట్లో కడాకు కూచున్నోనికి గూడా వినబడల్ల. వినబడితే పాప ముందర కూచుంటాది. లేదంటే హార్మోనియం ముందరికొస్తాది."

"అప్పుడు నేను యాడ కూచోవల్ల?"

"ఆడోళ్ళ చాప ఉండాది గదమ్మా."

నర్సమ్మ గిటారు సంచిని దగ్గరికి లాక్కుంది. ఆస్పత్రిలో డాక్టరు చెప్పినట్టు వినాలి, ఇంట్లో అన్న చెప్పినట్టు వినాలి. పదిమంది ఆమె వెంట నడిచేది ఆ ఒక్క పాట దగ్గరే. ఆ సంగతి ఆమె నాకు తర్వాత తనే చెప్పింది.

సేటుకు ఇదంతా అక్కర్లేదు. ఏదో ఇంగ్లీషు రేడియో పత్రికలో ఎలక్ట్రిక్ గిటారు బొమ్మ చూసినప్పట్నుంచి చేయి దురద పెడుతోంది. ఆ పనిముట్టు ఎలా పలుకుతుందో రెండు మాటల్లో చెప్తాను. ఉక్కు తీగల కింద ఒక అయస్కాంతం పెడతారు. దాని చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగి వైరు చుడతారు. పైన తీగ ఆడితే కింద చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయరుకు ఇస్తే హారన్‌లో పాట వస్తుంది. ఆ చుట్టా అయస్కాంతమూ కలిపితే పికప్.

సేటు పాత స్పీకర్ల జత ఒకటి విప్పి, గుర్రపు లాడమంత అయస్కాంతం తీశాడు. రాగి వైరు చుట్టడానికి మా పక్కంగడిలో మోటార్లు చుట్టే భాయిని పిలిచాడు. భాయి వేళ్ళకు కళ్ళుండేవి. వైరు తెగకుండా చుడుతూనే లోకంలో ఉన్న ప్రతి సంగతి మీదా తీర్పు చెప్పేవాడు.

పికప్ తయారయ్యాక సంఘపెద్ద, నర్సమ్మ మళ్ళీ వచ్చారు. పెద్దాయన గిటారు వైపు చూడకముందే మొలలోంచి చర్చి తాళాలు తీసి లాడానికి ఆనించాడు. టక్కున అతుక్కున్నాయి. గిటారు ఎత్తి ఊపినా రాలేదు. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. సేటు నా వైపు చూసి మీసం సవరించుకున్నాడు.

నర్సమ్మ తాళాలు పీకి పక్కన పెట్టి తీగ మీటింది. హారన్ అదిరింది. గుమ్మం దగ్గర గొడ్డలి కూడా అదిరినట్టు నాకు తోచింది. ఆమె రెండోసారి మీటి ముఖం చిట్లించింది.

"ఏమప్పా ఇది, ఒక తీగ మీటితే ఇద్దరు పాడుతాండారు. ఆ ఇద్దరికీ మాటల్లేనట్టుండాది."

మేం చెవులు రిక్కించాం. నిజమే. ఒక స్వరం మొదలై, సగంలో వణికి, పక్కకు జారుతోంది. పాట సాగాల్సిన చోట పుటుక్కున తెగుతోంది. ఆమె శృతి సరిచేసింది. మళ్ళీ అంతే.

"ఆడలేక మద్దెల వోడనకమ్మా," అన్నాడు సేటు.

నర్సమ్మ ఆయన వైపు చూడనైనా చూడలేదు. నన్ను పిలిచి, "ఆ లాడాన్ని రోంత కిందికి దించు నాయనా," అంది. దించాను. వణుకు తగ్గింది. ఇంకా దించమంది. ఇంకా తగ్గింది, కానీ శబ్దమూ తగ్గింది. పైకి తెస్తే మళ్ళీ ఆ ఇద్దరూ కొట్టుకోవడం మొదలుపెట్టారు.

"తీగను ఆడనీకుండా గుంజుతాండాది ఇది," అంది. "చీర కొంగు పట్టుకొని గుంజుతా ఉంటే ఎవురన్నా సరిగ్గా నడుస్తారా?"

ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో ఇదే సంగతి రెండు పేజీల లెక్కలతో చదివాను. ఆ కొంగు మాట ముందు ఆ లెక్కలు నాకు చప్పగా కనబడ్డాయి.

నాకొక ఆలోచన వచ్చింది. యుద్ధకాలపు హెడ్‌ఫోన్లు అంగట్లో గుట్టగా పడి ఉండేవి. ఒకదాని నుంచి సన్నని అయస్కాంతాలు తీసి, భాయి చేత ఇంకో చుట్ట చుట్టించి తీగల కింద పెట్టాను. శబ్దం చిన్నది. ఆంప్లిఫయరు తిప్పితే పెద్దదైంది. ఒక్కో తీగ ఒక్కో గొంతుతో, ఎవరి పని వాళ్ళు చేసుకుపోయినట్టు పలికింది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అదీ సంగతి. నర్సమ్మ కళ్ళు మూసుకొని ఒక చరణం వాయించింది.

సంఘపెద్ద తాళాలగుత్తి తెచ్చి దానికి ఆనించాడు. గుత్తి దబ్బున కింద పడింది. నర్సమ్మ తలలోంచి పిన్ను తీయించి ఆనించాడు. అది కాసేపు వేలాడి, ఆయన చూస్తుండగానే రాలిపోయింది.

"ఇదేందప్పా, తలపిన్ను గూడా మోయలేకుండాది. అంత జనాన్ని యాడ మోస్తాది?"

సేటు పడీపడీ నవ్వాడు. లాడమే ఖాయమైంది. పండుగకు ముందు బిగించి ఇస్తామని గిటారును మా దగ్గరే పెట్టించాడు.

కోడుమూరు బస్సు దగ్గరికి వాళ్ళను సాగనంపడానికి నేను వెళ్ళాను. పెద్దాయన సీటు కోసం లోపల పోట్లాడుతుంటే నర్సమ్మ కిందే నిలబడింది.

"ఆ లాడంతో నేను వాయించను. వాయిస్తే నాకు చెవి పోయిందంటారు. వాయించకపోతే హార్మోనియం అంటారు. రెండు దిక్కులా నన్ను చాప మీదికే పంపిస్తాండారు గదప్పా."

"నన్నేం చేయమంటావక్కా? లాడం కనబడకపోతే మీ పెద్దాయన ఒప్పుకోడు, మా సేటు అంతకన్నా ఒప్పుకోడు."

ఆమె బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"కనబడనీ. కనబడితే నాకేం? అది గుంజకుండా ఉంటే సాలు."

ఆ మాట మోసుకొని భాయి దగ్గరికి పోయాను. ఆయన తల ఎత్తకుండానే దారి చెప్పాడు. "కొలిమిలో ఎర్రగా కాల్చు భాయ్. దాని పొగరంతా దిగిపోతాది. మనిషికైతే నికా చేస్తే దిగుతాది, ఇనుముకు కొలిమి." భాయికి అప్పటికి రెండు నికాలయ్యాయి కాబట్టి అనుభవంతో చెప్పాడనుకున్నాను.

సేటు ఒక మంత్రిగారి సభకు పోయిన రోజు లాడాన్ని కమ్మరి కొలిమిలో పెట్టించాను. నిప్పులోంచి తీసి చల్లార్చాక దానికి గుండుసూది కూడా అతుక్కోలేదు. ఉప్పు కాగితంతో రుద్ది మెరుగుపెట్టి గిటారు మీద బిగించాను. దాని కడుపు కింద ఎవరికీ కనబడకుండా హెడ్‌ఫోను అయస్కాంతాలు పెట్టాను. పైన అధికారి, కింద గుమాస్తా. రాజధానిలో ఉన్నాం కదా, పని ఎలా జరుగుతుందో మాకు తెలుసు.

కోత పండుగ రోజు బస్సు మీద సామాను వేసుకొని సేటు, నేను ఆ పల్లెకు పోయాం. పందిట్లో జొన్న కంకులు, కొర్రల మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. హార్మోనియం పెట్టె మీద పూల గుడ్డ కప్పి అల్లుడు సిద్ధంగా ఉన్నాడు. నర్సమ్మ తెల్ల చీరలో, గిటారు ఒళ్ళో పెట్టుకొని ముందు కూచుంది. నేను బ్యాటరీ తగిలిస్తూ కొలిమి సంగతీ, లాడం కింద దాచిన పిట్ట సంగతీ ఆమె చెవిన వేశాను. అంతా బాగుంది అనుకునేలోపల సంఘపెద్ద లేచాడు.

"ఈ పెట్టెలో ఎంత బలముండాదో మీరంతా చూడండప్పా," అంటూ మొలలోంచి తాళాలగుత్తి తీశాడు.

పెద్దాయన గుత్తిని లాడానికి ఆనించి చెయ్యి తీశాడు. గుత్తి ఘల్లుమని చాప మీద పడింది. తీసి మళ్ళీ ఆనించాడు. మళ్ళీ పడింది. జనం మెడలు చాచారు. అల్లుడు హార్మోనియం మీది గుడ్డను మెల్లగా తీయడం మొదలుపెట్టాడు. సేటు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నర్సమ్మ గిటారు మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. లేచి వెళ్ళిపోవడానికి సిద్ధమైన మనిషిలా ఉంది.

నోరు తెరిచాను. ఏం వస్తుందో నాకే తెలీదు.

"కరెంటు లేనప్పుడు బలం లాడంలో ఉంటాది పెదనాయనా. బ్యాటరీ తగిలించినాక బలమంతా తీగల్లోకి ఎక్కుతాది. ఇప్పుడు లాడంలో ఏముంటాది?"

ఇంత పచ్చి అబద్ధం నా ఉద్యోగ జీవితంలో ఇంకోటి చెప్పలేదు. పెద్దాయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"అంతే మరి. కాలవకు నీళ్ళిడిస్తే ఇంక గుంతలో యాడుంటాయి? వాయించు పాపా."

జనం తలలూపారు. అందరికన్నా గట్టిగా మా సేటు ఊపాడు.

నర్సమ్మ మీటింది. ఆ పాట గురించి నేను గొప్పగా రాయలేను, నాకంత సంగీతం రాదు. బండ్ల దగ్గర చుట్టలు తాగుతున్నవాళ్ళు చుట్టలు పారేసి పందిట్లోకి వచ్చారు. మొదటి చరణం ఆమె ఒక్కతే పాడింది. రెండో చరణానికి పల్లెలు పల్లెలే పాడాయి. డప్పులవాళ్ళు కూడా ఆమె వేళ్ళు చూసి దరువు వేశారు. పాస్టరయ్యగారు మైకు పట్టుకోవడం మరిచిపోయారు. నాకు శానా సంతోషమైంది. నా చేత్తో చేసిన పని అంతమంది గొంతులో కలవడం అదే మొదటిసారి.

అంతా అయ్యాక గుమ్మడికాయలు, కోళ్ళు వేలం పాడారు. ఆ చివర సంఘపెద్ద మళ్ళీ లేచాడు.

"దేవుడు మన చర్చి గిటారుకు గొంతిచ్చినాడు. పాప ఆస్పత్రి పనితో అలిసిపోతాండాది. వచ్చే ఆదివారం నుంచి గిటారు మా అల్లుడు వాయిస్తాడు."

సొమ్మొకడిది సోకొకడిది. అల్లుడికి గిటారు కొంచెం వచ్చని పెద్దాయన ధైర్యం. కొంచెం అంటే పట్టుకోవడం వచ్చు. ఒక మాట అనబోతే సేటు నా చొక్కా పట్టి లాగాడు, బాడుగ సామాను లెక్క చూసుకోమన్నాడు.

నేను వైర్లు చుడుతుంటే నర్సమ్మ గిటారు తీసుకొని వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ముఖం రాయిలా ఉంది.

"మీ సేటు కాడ ఇంకో లాడం ఉండాదా?"

"జతలో రెండోది ఉండాది అక్కా."

"కాల్చనిది గదా?"

"కాల్చనిదే."

"అయితే ఇది తీసి అది పెట్టు. కింద నువ్వు పెట్టిన పిట్టను గూడా తీసెయ్యి. అందరి ముందర పెదనాయన తాళాలు కింద పడ్నాయి పాపం. పెద్దమనిషి మర్యాద మనం కాపాడల్ల గదప్పా."

వైర్లు సరిచూడాలని చెప్పి గిటారును కర్నూలుకు తెచ్చాను. రెండో లాడాన్ని తీగలకు ఎంత దగ్గరగా పెట్టగలనో అంత దగ్గరగా పెట్టాను. నా పనితనమంతా అందులో చూపించాను. తీసుకుపోవడానికి పెద్దాయనే వచ్చాడు. తాళాలు ఆనించాడు. టక్కుమని అతుక్కున్నాయి. ఆయన నా వైపు చూసి, "ఇప్పుడు బాగా పట్టుకుంటాండాదే," అన్నాడు. కరెంటు తగిలించలేదు గదా పెదనాయనా అన్నాను. "అవునవును," అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారాల సంగతి కోడుమూరు బస్సు డ్రైవరు మోసుకొచ్చేవాడు. అల్లుడు ఒక శృతిలో మొదలుపెడితే గిటారు ఇంకో శృతిలో ముగించేదట. మగవాళ్ళు గిటారు వెంట పోతే ఆడవాళ్ళు తమకు తెలిసిన దారిన పోయేవారట. అల్లుడు తీగలు బిగించి బిగించి రెండు తెంపాడు. పాస్టరయ్యగారు ప్రసంగానికి, ఒకరి మాట ఒకరికి తెలీక కట్టేవాళ్ళు చెదిరిపోయిన బాబేలు గోపురం కథ ఎత్తుకున్నారు. ఆ గోపురం కట్టింది ఎవరో అందరికీ అర్థమైంది. చివరికి అల్లుడే ఆ గిటారులో దయ్యముందని తేల్చి, తన హార్మోనియం దగ్గరికి వెనక్కి పోయాడు. నర్సమ్మ అన్నాళ్ళూ ఆడవాళ్ళ చాప మీద కూచొని అందరికన్నా భక్తిగా పాడిందట.

పెద్దాయన గిటారు భుజాన వేసుకొని ఆస్పత్రికే పోయాడు. "పాపా, ఇది నీకు తప్ప ఎవురికీ వశమయ్యేట్టు లేదు. పట్టుకో," అన్నాడు.

"ఈడ చెప్తే రోగులకు తెలుస్తాది," అంది నర్సమ్మ. "ఆదివారం ఆడ చెప్పండి పెదనాయనా."

ఆయన చెప్పాడు. నేల చూస్తూ చెప్పాడట, కానీ చెప్పాడు. నేను పోయి లాడం మార్చి పిట్టను మళ్ళీ కూచోబెట్టి వచ్చాను. మా సేటు మాత్రం బతికినన్నాళ్ళూ బాడుగకు వచ్చినవాళ్ళకు బలం తీగల్లోకి ఎక్కుతుందని చెప్తూనే ఉన్నాడు.

మీకు చెప్పదలచిన పనికొచ్చే ముక్క ఇంతే: గిటారు రెండు గొంతులతో పలికితే ముందు పికప్‌ను కిందికి దించండి. అప్పటికీ తగ్గకపోతే అయస్కాంతం చిన్నది వెతకండి. శబ్దం తక్కువైతే పెంచడానికి ఆంప్లిఫయరు ఉంది.

చాలా ఏళ్ళకు పెద్దాయనకు జబ్బు చేసి అదే ఆస్పత్రిలో పడ్డాడు. రోజూ సూది వేయాల్సింది నర్సమ్మే. అప్పుడొకసారి మందుల కోసం కర్నూలు వచ్చి, అంగట్లో కూచొని నాకిది చెప్పింది.

"పొడిచేదానికి సూది చేతికి తీసుకున్నానో లేదో, ఆయప్పే ఎత్తినాడు మాట. 'కోత పండగ పొద్దు తాళాలు కింద పడ్నాయి జూడు పాపా, ఆ మైకాయన చెప్పింది నమ్మేదానికి నేనేమన్నా ఎర్రోన్నా' అనె. మరి నమ్మినట్టు అందరికీ ఎందుకు చెప్తిరి అంటి. 'చెప్పకుంటే నువ్వు గిటారు కాడి నుంచి లేచి పోతాంటివి' అనె."

"మరి అల్లునికెందుకు ఇచ్చినాడంట?"

"నేనూ అదే అడిగితి. 'ఇంట్లో కూతురుండాదమ్మా' అనె. 'తాళాలు పడ్న పొద్దు పాట బాగుండె. మళ్ళీ అతుక్కున్న పొద్దే అనుకుంటి, ఇంక మావాని పని అయిపోయిందని. అయినా మోసుకొచ్చి వాని చేతిలో పెడ్తి' అనె."

నువ్వేమన్నావక్కా అని అడిగాను.

"ఏమంటా? అన్నాళ్ళు ఆయప్పకు సూది కావాలనే గట్టిగా పొడుస్తాంటి," అంది నర్సమ్మ. "ఆ పొద్దు మెల్లగా పొడిస్తి."